కింద పట్టుకున్న చెయ్యి

నేను ఒక వెదురు నిచ్చెనను. ఒక్కదాన్నే నిలబడలేను. ఆనుకోవడానికి గోడో స్తంభమో కావాలి, కింద నా కాళ్ల దగ్గర ఒక మనిషి కావాలి. ఈ రెండో సంగతి లోకం మరిచిపోతుంది. అందరూ ఎక్కినవాణ్ణి చూస్తారు, పట్టుకున్నవాడి వంక ఎవరూ చూడరు.

పార్వతీపురం పక్క కొండల్లో పెరిగాను. నన్ను తయారుచేసిన మేదరి తాత రెండు బొంగుల్ని పక్కపక్కన పడుకోబెట్టి, ఎక్కడ వంపు ఉందో వేలితో తడిమి చూసి, మంట మీద కాచి సాపు చేశాడు. రెండు కాళ్లూ ఒక్క తీరుగా లేకపోతే పైనున్నవాడు పడతాడని అతని భయం. పదిహేడు మెట్లు వేశాడు. ఆఖరి మెట్టు బిగించి, భార్యను పిలిచి ఎక్కమన్నాడు. ఆమె నవ్వుకుంటూ నాలుగు మెట్లెక్కింది. తను ఎప్పుడో చూరులో దోపి మరిచిపోయిన దువ్వెన ఆమెకు అక్కడ దొరికింది. మనిషికి నేను చేసిన మొదటి మేలు అదే. ఆ దువ్వెనతో ఆమె అక్కడే, నా నాలుగో మెట్టు మీదే, తల దువ్వుకుంది.

తర్వాత రాజాంలో ఒక టెంట్ హౌసువాళ్లు నన్ను కొన్నారు. అవి నా మంచి రోజులు. మామిడాకుల తోరణాలు, మల్లెపూల దండలు, రంగు బల్బుల తీగలు అన్నీ నా భుజాల మీదుగానే పైకి వెళ్లేవి. మేడ మీది కిటికీలోంచి పెళ్లికూతుళ్లు తొంగిచూసేవాళ్లు. పెళ్లికొడుకు కంటే ముందు వాళ్ల బుగ్గచుక్క ముఖాలను చూసింది నేనే. బల్బులు వెలిగే క్షణంలో పిల్లలంతా ఒక్కసారిగా 'హో' అంటే నాకు కొత్తగా చిగుళ్లు వేస్తున్నట్టు ఉండేది.

ఒక పెళ్లిలో మాత్రం మేనత్త ఒకావిడ వచ్చి, పక్కవీధి పెళ్లివారికి ఎన్ని వరసల లైట్లు వేశారని అడిగింది. ఏడన్నారు. అయితే మాకు ఎనిమిది వెయ్యమంది. వేశారు. ఎనిమిది వరసలూ వెలిగినా ఆవిడ ముఖం వెలగలేదు. పక్కవీధిలోవి మరి కాస్త మెరుస్తున్నాయేమోనని మెడ సాచి చూస్తూనే ఉంది. మనుషులు ఇంతేనని నవ్వుకున్నాను. అప్పటికి నాకు అది నవ్వులాటే.

టెంట్ హౌసుకి ఇనుప నిచ్చెనలు వచ్చాక నన్ను కరెంటు ఆఫీసుకి అమ్మేశారు. అక్కడే నాకు దాలినాయుడు, కూర్మారావు దొరికారు. ఇద్దరూ మనుషుల్ని పనికి పంపే ఒక ఏజెన్సీ కింద కాంట్రాక్టు మీద చేసేవాళ్లు. ఒకే నెలలో చేరారు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. కూర్మారావుకి స్తంభం ఎక్కడం నేర్పింది దాలినాయుడే. వాళ్లమీద సన్యాసిరావు గారని పర్మనెంటు లైన్‌మన్ ఉండేవారు. ఈ ఇద్దరి జీతాలూ కలిపినా ఆయన జీతంలో సగానికి రావు. ఆయన స్తంభం ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు. కరెంటు ఆపించి, ఎక్కండని చెప్పి, టీ కొట్టు దగ్గర బండి మీద కూర్చునేవారు.

వాళ్లిద్దరిదీ ఒక పద్ధతి. ఒక స్తంభం ఒకడు ఎక్కితే తర్వాతిది రెండోవాడు ఎక్కాలి. పైకి వెళ్లినవాడు నా తలను తాడుతో స్తంభానికి కట్టేదాకా కిందివాడు నన్ను వదలకూడదు. రెండు చేతులతో, మోకాలు ఆనించి పట్టుకోవాలి. తాడు ముడిపడగానే కిందివాడు అడిగేవాడు.

"పైనేటి కనపడతంది బావా?"

పైనున్నవాడు తప్పకుండా ఏదో ఒకటి చెప్పాలి. దిబ్బ మీద ఎండబెట్టిన ఉలవలు, పెంకుల మీద నిద్రపోతున్న పిల్లి, సన్యాసిరావు గారు మూడో బజ్జీ అందుకోవడం. కూర్మారావుకి పెళ్లయిన కొత్తలో సబ్‌స్టేషన్ ముందరి స్తంభం ఎక్కితే అతని ఇల్లు కనిపించేది. నీలవేణి బట్టలు ఆరేస్తూ కొంగు ఊపేది. "కొంగేనా, ఇంకేటైనా ఊపుతందా?" అని కిందనుంచి దాలినాయుడు ఎగతాళి చేసేవాడు. ఆ నవ్వు నా పదిహేడు మెట్లలోనూ కదిలేది. బరువు కింద మెట్టు కదలడం వేరు, నవ్వుకి కదలడం వేరు. నాకు తెలుసు.

బండి కొనడానికి అప్పు అడిగితే బ్యాంకువాళ్లు జీతం చీటీ తెమ్మన్నారని కూర్మారావు ఏజెన్సీ గుమాస్తాకి చెప్పుకున్నాడు. గుమాస్తా ఇద్దరి చీటీలూ దాలినాయుడి చేతిలో పెట్టి పంపాడు. దాలినాయుడు నా పక్కనే, గోడనీడలో నిలబడి వాటిని విప్పాడు. చాలాసేపు చూశాడు. కూర్మారావుకి మూడువేల నాలుగువందలు ఎక్కువ. కూర్మారావు దగ్గర ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉంది. అందుకని కాగితాల్లో అతను స్కిల్డు, దాలినాయుడు కాదు.

"నీకు ముందే తెల్సా?" అని కూర్మారావు రాగానే అడిగాడు దాలినాయుడు.

"తెల్సు బావా. రెండేళ్లయింది. సెప్తే బాధపడతావనీసి..."

"నేర్పినోడికి తక్కువ, నేర్సుకున్నోడికి ఎక్కువ. బాగుంది."

కూర్మారావు తన సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. ఏజెన్సీవాడిని ఇద్దరం కలిసి అడుగుదామన్నాడు. దాలినాయుడు తన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీతం రాసింది ఏజెన్సీ. అక్కడికి వెళ్లి అడగడానికి మాత్రం అతనికి కాళ్లు రాలేదు. కోపమంతా పక్కవాడి మీదే నిలిచిపోయింది. సన్యాసిరావు గారి జీతం గురించి అతనికి ఏనాడూ బాధ లేదు. పై మెట్టు మీదున్నవాణ్ణి చూసి కుళ్లుకున్నవాణ్ణి నేను చూడలేదు. కుళ్లు ఎప్పుడూ పక్క మెట్టు మీదే.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. "ఎక్కువ తీసుకున్నోడే ఎక్కాల" అన్నాడు దాలినాయుడు. కూర్మారావు తప్పు చేసినవాడిలా తలవంచుకుని ఎక్కాడు. ఆ రోజు ఆరు స్తంభాలు, ఆరూ అతనే. ఆ తర్వాత అన్నీ అతనే. ఈ విషం మిగతావాళ్లకీ పాకింది. మీటర్లు చూసేవాళ్లు ఒకరి చీటీ ఒకరు అడిగి చూసుకున్నారు. అందరికీ కలిపి ఒక్క ఫ్లాస్కులో వచ్చే టీ ఆగిపోయింది. ఎవరి టీ వాళ్లు, ఎవరి మూల వాళ్లు. గాలివానకు తీగలు తెగితే ఒకప్పుడు అరగంటలో అయ్యే పని పూటంతా సాగేది. నువ్వు చెయ్యి అంటే నువ్వు చెయ్యి అని.

నన్ను పట్టుకునే చేతులూ మారాయి. మొదట మోకాలు తీసేశాడు. తర్వాత ఒక చెయ్యి. తర్వాత చెయ్యి బదులు చెప్పుకాలు. తాడు ముడిపడ్డాక కింద ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కూర్మారావు మాత్రం కొన్నాళ్లు అలవాటు మానలేక తనే చెప్పేవాడు. "సెరువు నిండినాది బావా." "కొంగలొచ్చినాయి బావా." కిందనుంచి మాట వచ్చేది కాదు. చివరికి అతనూ మానేశాడు.

శ్రావణమాసంలో, ముసురు తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, సంత మైదానం పక్క స్తంభం. నేల బురద. నా ఎడమకాలు కింద చిన్న పలక రాయి పెట్టారు. అప్పటికి కూర్మారావు నాలుగు స్తంభాలు ఎక్కి దిగాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, "కాస్త గట్టిగా పట్టు బావా, జారుతంది" అన్నాడు.

"స్కిల్డు గదా. నువ్వే సూసుకో."

అయినా కాలు ఆనించాడు దాలినాయుడు. నిజం చెప్పాలి కదా, ఆనించాడు. కూర్మారావు పదిహేనో మెట్టు దాకా వెళ్లాడు. భుజం మీది తాడు తీశాడు. ఇంకా ముడి వెయ్యలేదు. సరిగ్గా అప్పుడు కిందనున్న కాలు నన్ను వదిలేసింది. చంపాలని కాదు. ఎండ వచ్చింది, దాలినాయుడు రెండడుగులు నీడలోకి జరిగాడు. అంతే. రాయి జారింది. నేను స్తంభాన్ని గోకుతూ పక్కకు ఒరిగాను. పట్టుకోవడానికి నాకు చేతులు లేవు.

కూర్మారావు వీపు మైదానం అంచున ఉన్న సిమెంటు గట్టుకి తగిలింది. నేను అతని పక్కన పడ్డాను. ఆ పడడంలో నా మెట్లు రెండు విరిగాయి.

విరిగిన ఆ రెండు మెట్లే అందరికీ పనికొచ్చాయి. నిచ్చెన పాతబడి మెట్టు విరగడం వల్ల మనిషి పడ్డాడని కాగితం రాశారు. టీ కొట్టు దగ్గర కూర్చున్న సన్యాసిరావు గారు కళ్లారా చూశానని సంతకం పెట్టారు. పెద్దాసుపత్రిలో అడిగితే కూర్మారావు కూడా మెట్టు విరిగిందనే చెప్పాడట. నడుము కింద స్పర్శ లేని మనిషి, బావను మాత్రం కాపాడాడు. మేదరి తాత కాచి సాపు చేసిన కాళ్లు, తట్టి బిగించిన మెట్లు. అయినా దోషిని నేనే అయ్యాను. నన్ను సబ్‌స్టేషన్ వెనక, స్తంభాల మీంచి దించిన పగిలిన పింగాణీ గుళ్లు, కాలిన తీగలు పారేసే చోట గోడకు వాల్చి వదిలేశారు.

ఏజెన్సీ కాగితాల కోసం నీలవేణి ఆఫీసుకి వచ్చింది. పని అయ్యాక నన్ను వెతుక్కుంటూ వెనకవైపుకి వచ్చింది. విరిగిన మెట్లను చేత్తో తడిమింది. విరిగిన చోటు తెల్లగా, కొత్తగా ఉంది. పుచ్చిన కర్ర అలా విరగదని ఆమెకు తెలిసిందో లేదో. వెనకే వచ్చి నిలబడిన దాలినాయుణ్ణి చూడకుండానే అడిగింది.

"అన్నయ్యా, నువ్వు పట్టుకునే ఉన్నావు కదా?"

అతను నా వంక చెయ్యి చూపించాడు. "మెట్టు ఇరిగిపోనాదమ్మా" అన్నాడు.

ఆమె సరేనని తలూపి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలకు కూర్మారావు చోటు ఖాళీ అని రాసి, సర్టిఫికెట్ మాట అడక్కుండానే ఆ చోటులో దాలినాయుణ్ణి వేశారు. స్కిల్డు. ఆ మూడువేల నాలుగువందలు ఇప్పుడు అతనికి వస్తున్నాయి. అతని పాత చోటులోకి ఒక కొత్తవాడు వచ్చాడు. వాడికి తక్కువ. ఈ సంగతి వాడికి మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఇప్పుడు నా మీద కాకరపాదు ఒకటి పాకుతోంది. ఆరో మెట్టు దాకా వచ్చింది, పచ్చటి పూలు పూసింది. ఇంత తేలికైన బరువు నా మీదకు ఇంతవరకు ఎక్కలేదు. దానికి కింద ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

నిన్న సబ్‌స్టేషన్ ముందరి స్తంభం మీద పని పడింది. గోడ పక్క సందులోంచి అది నాకు కనిపిస్తుంది. కొత్త అల్యూమినియం నిచ్చెన, దాని మీద దాలినాయుడు. కింద కొత్తవాడు ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. దాలినాయుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి కిందికి చూశాడు. పైకి చేరి తాడు మూడుసార్లు చుట్టాడు, నాలుగు ముళ్లు వేశాడు. ఆ తర్వాత పని మొదలుపెట్టకుండా ఒకే దిక్కుకి చూస్తూ ఉండిపోయాడు. ఆ దిక్కున ఏముందో నాకు తెలుసు. నీలవేణి బట్టలు ఆరేసే తీగ, దాని వెనక అరుగు. ఇప్పుడు ఆ అరుగు మీద ఒక నులకమంచం వేసి ఉంటుంది.

పైనేటి కనపడతందని కిందనుంచి ఎవరూ అడగలేదు.