సొంత కోరిక మీద

డిశ్చార్జి పుస్తకంలో చివరి పేజీని లూకా ముప్పై అయిదేళ్లపాటు తనంతట తాను ఎవరికీ చూపించలేదు. మందస దగ్గర వాళ్ల ఊళ్లో ఆయన మిలటరీలో ఏడేళ్లు చేశాడని అందరికీ తెలుసు. ఎడమకాలు కుంటుతాడనీ తెలుసు. ఎలా తగిలిందని ఎవరైనా అడిగితే "దెబ్బ" అనేసి, పక్కనున్న జీడితోట గురించి మాట్లాడేవాడు.

ఆ పేజీ బయటపడింది కిడ్నీల జబ్బు వల్ల. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకూ వచ్చింది. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి, మంచం మీద నాలుగేసి గంటలు పడుకుని రావాలి. కూతురు గ్లోరీ కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చూస్తుంది. మాజీ సైనికులకు వైద్యానికి కార్డు ఉంటుందని తోటి పనివాళ్లెవరో చెబితే, పాత ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి, తండ్రిని వెంటబెట్టుకుని టెక్కలిలో మాజీ సైనికులు నడుపుకునే సంఘం గదికి వెళ్లింది. అక్కడ గోపాలరావు అనే రిటైర్డు సుబేదారు కూర్చుంటాడు. కాగితాలు చదివి, ఎవరికి ఏం రాయాలో చెప్పిపెడతాడు.

గోపాలరావు పేజీలన్నీ నెమ్మదిగా తిప్పి చివరిదాని దగ్గర ఆగాడు.

"లూకా గారూ, ఇక్కడ 'సొంత కోరిక మీద పంపివేయబడ్డాడు' అని ఉందండి. ఏడేళ్ల సర్వీసు. ఈ ఒక్క ముక్కతో మీకేదీ వర్తించదు."

"నాను కోరలేదండి," అన్నాడు లూకా.

"మరి?"

"జాఫ్నాలో మందుపాతర పేలి మడమ నుజ్జయిపోనాది. మద్రాసు ఆస్పత్రిలో ఉన్నప్పుడు సెలవు కాగితమని సెప్పి సంతకం పెట్టించినారు. మూడు నెల్లకి ఇంటికి పొమ్మన్నారు. గుమస్తా ఎవడో ఒకదానికి బదులు ఒకటి రాసేసినాడు."

గ్లోరీ తండ్రి వైపు చూసింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. జాఫ్నా అనే మాట ఆయన నోటివెంట వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక మిగతాది తల్లి సత్యమ్మ చెప్పింది. కొడుకు శ్రీలంకలో యుద్ధంలో ఉన్నాడని తెలిసిన దగ్గర్నుంచి లూకా తండ్రి ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి అతని పేరు పెట్టి ప్రార్థన చేయించేవాడు. ఆయన చర్చి సంఘపెద్ద, మిషను బళ్లో చదువుకున్నవాడు, ఇంగ్లీషు కూడబలుక్కోగలడు. లూకా చంకలో కర్రతో వచ్చి దిగిన రోజున, అన్నం పెట్టకముందే పుస్తకం అడిగి పుచ్చుకున్నాడు. చివరి పేజీ దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "నువ్వే అడిగి వొచ్చేసినావా?" అన్నాడు. లూకా కాదన్నాడు. తండ్రి పుస్తకం మూసి ఇచ్చేశాడు. తరువాతి ఆదివారం ప్రార్థనలో కొడుకు ఊసు ఎత్తలేదు. ఆ తరవాత పదకొండేళ్లు బతికాడు, ఎప్పుడూ ఎత్తలేదు. చనిపోయే ముందు కూడా.

"మీ నాన్నకి కార్డు అక్కర్లేదే," అంది సత్యమ్మ. "ఆ ముక్క తీయించు సాలు."

గ్లోరీ అర్జీ పెట్టింది. గోపాలరావు చెప్పినట్టు ఇంగ్లీషులో రాయించి, పుస్తకం పేజీల నకళ్లు జతచేసి, ఎక్కడో వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న రికార్డుల ఆఫీసుకి రిజిస్టరు పోస్టు చేసింది. అయిదు నెలలకు జవాబొచ్చింది. మీ అర్జీ అందింది, పొరపాటు జరిగినట్టు రుజువు ఏదైనా ఉంటే పంపగలరు అని ఉంది అందులో.

"ఆ రోజుల్లో ఆస్పత్రిలో మీతో ఎవరున్నారు?" అని అడిగాడు గోపాలరావు.

"పోతురాజు," అన్నాడు లూకా. "నందిగాం. మిలటరీలో ఇద్దరం ఒకే రోజున చేరినాం. నన్ను భుజాన ఏసుకుని మోసినోడు ఆడే. తరవాత ఆస్పత్రిలో నాకు తోడుగా ఉంచినారు."

పోతురాజు పూర్తి సర్వీసు చేసి నాయక్‌గా దిగిపోయాడు. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసేవాళ్లు తప్ప, మిలటరీ కబుర్లు ఇద్దరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. డయాలసిస్ లేని రోజు చూసుకుని తండ్రీకూతుళ్లు ఆటోలో నందిగాం వెళ్లారు. పోతురాజు వాకిట్లో బల్లమీద కూర్చుని ఉన్నాడు. మనిషి పాడైపోయాడు, షుగరుకి ఒక కాలి వేళ్లు రెండు తీసేశారు.

"రా బావా, రా. నీదీ నాదీ ఒకటే నడక అయిపోనాది," అని నవ్వాడు.

గ్లోరీ వచ్చిన పని చెప్పింది. గుమస్తా సెలవు కాగితమని చెప్పి సంతకం చేయించుకోవడం చూశానని ఒక్క మాట రాసిస్తే చాలునంది. పోతురాజు నవ్వు ఆపేశాడు. చాలాసేపు తన కాలి కట్టువైపే చూశాడు.

"గుమస్తా ఏటీ సెప్పలేదమ్మా," అన్నాడు చివరికి. "ఆడు కాగితం నా సేతిలో ఎట్టి, మీవోడు సదువుకుని ఇట్టమైతే సంతకం పెట్టమను అన్నాడు. సెలవు కాగితమని సెప్పినోణ్ని నానే."

లూకా అర్థం కానట్టు చూశాడు.

"అది ఏ కాగితమో నీకు తెల్దు కదేటి," అన్నాడు.

"తెలుసు బావా. ఎందుకు తెల్దు. కాలు కుదురుకున్నాక నిన్ను మళ్లా కంపెనీకే పంపుతారని డాక్టరు అన్నాడు. నువ్వు పడిపోయినాక అక్కడ మనోళ్లు ఆరుగురు పోనారు. ముక్కలు ఏరి గోనిలో ఏసినాను. నిన్ను మోసుకొచ్చిన సేతుల్తోనే. నువ్వెల్తే సచ్చిపోతావనిపించినాది. నీకేమో జ్వరం, కళ్లు తెరవలేకపోతన్నావు. సెలవు కాగితం, పెట్టేయి అన్నాను. పెన్ను నీ సేతికి నానే అందించినాను."

ఇంటి వెనకాల ఎవరో కొబ్బరి పీచు కొడుతున్న చప్పుడు వినబడుతోంది. లూకా లేచాడు. కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మా నాన్న బతికున్నన్నాళ్లూ నీకు నోరు లేదేటి?" అన్నాడు.

"రెండుసార్లు వొచ్చినాను బావా మీ ఊరు. మీ నాన్నని సూసి ఎనక్కెల్లిపోనాను."

లూకా ఆటో ఎక్కాడు. ఇంట్లో సత్యమ్మ అడిగితే, "లేడు, ఊరెళ్లినాడు" అన్నాడు. పలాసలో మంచం మీద నాలుగు గంటలూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముప్పై అయిదేళ్లు ముఖం తెలియని గుమస్తా ఒకణ్ని తిట్టుకుంటూ బతికాడు. ఇప్పుడు వాడూ లేకుండా పోయాడు. పోతురాజును తిట్టుకుందామంటే, ఆ ఆరుగురి పక్కన ఏడోవాడుగా తను కనబడేవాడు. గ్లోరీ పుట్టకుండా పోయేది. ఆ లెక్కన పోతురాజుకు దండం పెట్టాలి. కానీ తండ్రి ముఖం గుర్తొచ్చేసరికి ఆ దండం సగంలోనే ఆగిపోయేది.

మూడు వారాలకు పోతురాజే గ్లోరీకి ఫోను చేశాడు. ప్రమాణపత్రం రాయించడానికి టెక్కలి కోర్టు దగ్గర ప్లీడరును మాట్లాడుకున్నానని, నాన్నను తీసుకురమ్మని.

ప్లీడరు కుర్రవాడు కాదు, ఇలాంటివి చాలా చూసినవాడు. పోతురాజు చెప్పిందంతా విని కలం కింద పెట్టాడు.

"పెద్దాయనా, ఇలా రాస్తే మీరు మోసం చేశానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. అది అటుంచండి, వీరికీ మంచిది కాదు. గుమస్తా తప్పుడు మాట చెప్పాడని రాద్దాం. ఆ గుమస్తా ఎవడో, ఉన్నాడో లేడో. అడిగేవాడు లేడు."

పోతురాజు లూకా వైపు చూశాడు. గ్లోరీ కూడా చూసింది. అలాగే రాయమంటే బాగుండునని ఆమెకు లోపల ఉంది. తండ్రికి ఎన్నాళ్లుందో డాక్టరు ఆమెకొక్కదానికే చెప్పాడు.

"ఉన్నదే రాయండి," అన్నాడు లూకా. "తప్పు దిద్దమని అర్జీ ఎడతన్నాం. అందులో ఇంకో తప్పు ఎట్టమంటారేటి?"

పోతురాజు సంతకం పెట్టాడు. బయట టీ కొట్టు దగ్గర ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. లూకా తాగకూడదు కాబట్టి పోతురాజూ తాగలేదు. బస్సు ఎక్కబోతూ లూకా, "ఆ కాలు తడవనీకు బావా," అన్నాడు. అంతే.

గ్లోరీ దాన్ని రికార్డుల ఆఫీసుకి పంపాక ఎనిమిది నెలలు ఎదురుచూశారు. ప్రతి ఆదివారం సాయంత్రం పోతురాజు ఫోను చేసేవాడు. వచ్చిందా అని అడిగేవాడు. ఇంకా రాలేదనేవాడు లూకా. తరవాత వర్షాల గురించో, జీడిపూత గురించో రెండు ముక్కలు. అంత కాలం తరవాత ఇద్దరికీ మళ్లీ మాటలు దొరికాయి. జాఫ్నాలో కొబ్బరితోటలు చూసి మన ఉద్దానంలా ఉందని ఇద్దరూ అనుకున్న సంగతి ఒకసారి చెప్పుకున్నారు. ఈలోగా లూకా ఒళ్లు బాగా తగ్గింది. సూది గుచ్చే చెయ్యి ఉబ్బి నల్లబడింది.

జవాబు శ్రావణంలో వచ్చింది. ఒకే కాగితం. గ్లోరీ పని మానుకుని ముందు టెక్కలి వెళ్లి గోపాలరావు చేత చదివించుకుంది. ఆయన చదివి, ఆమెకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. పింఛను లేని సిపాయిల కాగితాలు పాతికేళ్లే ఉంచుతారు. లూకావి పదేళ్ల కిందటే ధ్వంసం చేసేశారు. ఆస్పత్రి చీటీలు, దెబ్బ తగిలిన రిపోర్టు, ఆ సంతకం పెట్టిన కాగితం, ఏదీ లేదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస చొప్పున శాశ్వతంగా ఉంచే పెద్ద రిజిస్టరు మాత్రం ఉంది. అందులో పేరు, నంబరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, వెళ్లిన కారణం. కారణం దగ్గర 'సొంత కోరిక' అని ఉంది. అసలు కాగితాలు లేనందున ఆ వరుసను మార్చడం కుదరదు.

"చివర ఇంకొకటి రాశారమ్మా," అన్నాడు గోపాలరావు, కళ్లద్దాలు తీసి. "సాక్షి ఇచ్చిన ప్రమాణపత్రం ప్రకారం సంతకం అర్జీదారుడిదేనని, ఆఫీసు వైపు ఏ పొరపాటూ జరగలేదని తేలుతోంది, అన్నారు."

గ్లోరీ కాగితం వెనక్కి తీసుకుంది.

"అంటే పోతురాజు మావ నిజం రాయబట్టే..."

"అది రాయకపోయినా కుదిరేది కాదులే. కాగితాలే లేవు కదా." ఆయన అలా అన్నాడు గాని, ఆమె ముఖంలోకి చూడలేదు. "ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఏళ్లు పడుతుంది. మీ నాన్నగారు వాయిదాలకి తిరగాలి."

రోజు విడిచి రోజు డయాలసిస్‌కి పడుకునే మనిషి ఏ వాయిదాకి తిరుగుతాడు?

ఇంటికి వచ్చి గ్లోరీ అంతా చెప్పింది, చివరి వాక్యంతో సహా. దాచాలనుకుంది గాని, ఆయన కాగితం అడిగి పుచ్చుకుని, తండ్రి లాగే వేలు పెట్టి, తనకు తెలిసినంత ఇంగ్లీషుతో చదవబోయాడు. తరవాత మడిచి ఆమెకే ఇచ్చేశాడు.

"మరి ఎక్కడికీ రాయకే," అన్నాడు.

"ఇంకొక్కసారి రాద్దాం నాన్నా. పైవాళ్లకి."

"ఏటని రాత్తావు? కాల్చేసిన కాగితం దిద్దమనా?"

సత్యమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. గ్లోరీ ఎత్తి, పోతురాజు గొంతు విని తండ్రికి అందించింది.

"ఏటైనాది బావా? వొచ్చినాదా?"

"లేదు బావా. ఇంకా రాలేదు," అన్నాడు లూకా.

"వొత్తాదిలే. ఉన్నది ఉన్నట్టే రాసినాం కదేటి. ఆళ్లూ మనుషులే."

"అవును."

"వొచ్చినాక ఆ కాగితం మీ చర్చిలో సదివించు. నానూ వొత్తాను. మీ నాన్నకి వినపడేటట్టు నానే నిలబడి సెప్తాను."

లూకా ఫోను చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. పోతురాజు రెండుసార్లు హలో అన్నాడు.

"ఆఁ, ఉన్నాను," అన్నాడు లూకా. "రేపు పొద్దున్నే పలాస ఎల్లాలి. పడుకుంటాను బావా."