టెంటుకీ మేకకీ మధ్య తవిటినాయుడు

నేను ఒక బ్లాగుల సంకలినిని. పేరు వినగానే మూతి ముడవకండి, ఇదేమంత పెద్ద శాస్త్రం కాదు. ఎవరి బ్లాగులో వాళ్లు ఏదో ఒకటి రాసుకుంటూ ఉంటారు. ఆ రాతలకి టపాలని పేరు. వాటిని ఎప్పటికప్పుడు ఏరుకొచ్చి ఒక్క పేజీలో పేర్చడం నా పని. ప్రతి టపా కిందా అది దేని గురించో చెప్పే మాటలు నాలుగు తగిలిస్తారు. అవి ట్యాగులు. 'వాన' అనే ట్యాగు నొక్కారనుకోండి, ఊరూరి వానా ఒక్కచోట కురుస్తుంది. ఒకాయన అలా నొక్కి, లేచి గొడుగు వెతుక్కున్నాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

నన్ను పుట్టించింది విజయనగరంలో కంప్యూటరు పాఠాలు చెప్పే వసుంధర. పుట్టించేటప్పుడే నాకు రెండు బుద్ధులు పెట్టింది. ట్యాగులన్నిటినీ అక్షరాల వరసలో నిలబెట్టాలి. ఏ మాట ఎక్కువమంది వాడితే ఆ మాటని అంత లావుగా చూపించాలి. "మనుషుల్లోనూ అంతే కదా, ఎక్కువమంది నోట్లో నానేవాడే లావుగా కనబడతాడు" అని నవ్వుకుంది. నవ్వి, నన్ను బ్లాగర్ల చేతుల్లో పెట్టి తన పని తాను చూసుకుంది. తంటాలన్నీ నాకు మిగిలాయి.

నా దగ్గరికొచ్చేవాళ్లలో ఇద్దరు వియ్యంకులు ఉండేవారు. ఎలమంచిలిలో పైల సింహాచలం, బస్సు కండక్టరుగా చేసి దిగినాయన. రాజాంలో గొర్లె తవిటినాయుడు, జూట్ మిల్లులో గోనెలు తూచినాయన. సింహాచలం కూతురు హైమని తవిటినాయుడు కొడుక్కిచ్చారు. పేజీలో కొత్త టపా పైన కూర్చుంటుంది కనుక, ఒకరు దగ్గు మందు గురించి రాస్తే రెండోవారు వెంటనే తుమ్ము గురించి రాసేవారు. వాళ్ల పోటీకి నాకు ఊపిరాడేది కాదు.

హైమ పురిటికి పుట్టింటికొచ్చి మగపిల్లాణ్ని కంది. బారసాల కుదిరింది. ఇక్కడే సింహాచలానికి ఓ గొప్ప ఆలోచన వచ్చింది. వియ్యంకుణ్ని పిలవడానికి బస్సెక్కి అంత దూరం పోవడమెందుకు? టపా రాసి ఆయన పేరు ట్యాగుగా తగిలిస్తే చాలు, నాలుగు జిల్లాల జనం చూస్తారు. అంతకన్నా మర్యాద ఏముంది? రాశాడు. కింద తగిలించిన ట్యాగులు ఇవి: ఉయ్యాల, మేక, టెంటు, తవిటినాయుడు.

నేను నా బుద్ధి పోనిచ్చుకోలేదు. అక్షరాల వరసలో పేర్చాను. టెంటు తర్వాత తవిటినాయుడు, తవిటినాయుడు తర్వాత మేక. మా బ్లాగర్లకి మేకలంటే ప్రాణం. పెంచేవాళ్లు రాస్తారు, వండేవాళ్లు రాస్తారు, మేక చూపు మీద కవితలల్లేవాళ్లూ ఉన్నారు. దాంతో మేక అరచేయంత అక్షరాల్లో నిలబడింది. పక్కన తవిటినాయుడు చీమంత.

అరగంటలో రాజాం నుంచి టపా దిగింది. "పిల్లాడి తాతని పిలిసే తీరు ఇదేటి బావగోరూ? టెంటు ముందు, మేక ఎనక, నడాన నాను! అందునా మేక కన్నా సిన్నోణ్ణి. ఆ మేకనే పీట మీద కూకోబెట్టుకోండి. నాను రాను."

సింహాచలం తల పట్టుకున్నాడు. బాలింత హైమ అంతకన్నా గట్టిది. "మాఁవ రాకండా పిల్లోణ్ని ఉయ్యాల్లో ఎయ్యను నాన్నా. టెంటు పీకించీ" అంది.

మా బ్లాగర్లు జాలిగుండెలవాళ్లు. పేరు చిన్నదైందనే కదా పెద్దాయన బాధ, పెంచేద్దామన్నారు. ఇక చూడండి, టమాటా పచ్చడికి తవిటినాయుడు, మోకాళ్ల నొప్పికి తవిటినాయుడు, భాషా సంస్కరణల మీద వ్యాసానికీ తవిటినాయుడే. ఆ పేరు ఉబ్బి ఉబ్బి, మేకని పేజీ అంచుకి నెట్టేసింది. బొబ్బిలిలో ఒకాయన ఫోను తెరిస్తే 'త' ఒక్కటే పట్టిందట, మిగతా పేరు పక్కింటాయన ఫోనులో చదువుకున్నారట.

తవిటినాయుడు అరుగు మీద కూర్చుని పూటపూటా ఫోనులో నన్ను తెరిచేవాడు. తన పేరు చూసుకునేవాడు. మీసం దువ్వేవాడు. మరుక్షణం మొహం వేలాడేసేవాడు. లోపలి నుంచి భార్య అడిగింది: "అంత పెద్దగా పిలిసినారు కదా, ఎల్దుమా?"

"పెద్దగా రాసినారు. పిలిసినోడు ఒక్కడూ నేడు."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ప్రపంచాన్నంతా ఒకచోట పోగెయ్యగలను గాని, ఒక మనిషిని భోజనానికి రమ్మనడం నాకు చేతకాదు. నాకు బొట్టు పెట్టే వేలేదీ?

బారసాల ఇక రేపనగా ఆ అరుగు ముందు ఆటో ఆగింది. సింహాచలం భార్య సన్యాసమ్మ దిగింది, చేతిలో కుంకుమ భరిణె. వెనకాల సింహాచలం, బడికి ఈడ్చుకొచ్చిన పిల్లాడిలా. నేను తవిటినాయుడి చేతిలో తెరుచుకునే ఉన్నాను కనుక అంతా చూశాను.

ఆవిడ వదినగారికి బొట్టు పెట్టి ఇటు తిరిగింది. "అన్నయ్యగోరూ, మనవడి బారసాల. మీరొచ్చి ఎత్తుకోవాల. పెట్టిలోంచి పిలిస్తే సాలనుకున్నాడు ఈయన. నాకు తెలిస్తే రాయనిద్దునా?"

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "తప్పయిపోనాది బావగోరూ. రండి."

తవిటినాయుడు నన్ను చొక్కా జేబులో పడేశాడు. "మేకని కోసేసినారా, ఉందా?"

"మీరొస్తేనే కోస్తాం."

"అలగయితే దానికి మూడినట్టే" అని లేచాడు.

మర్నాడు బ్లాగర్లంతా నన్ను తెరిచి మూసి, మూసి తెరిచి, నా తలుపులు అరగదీశారు. బారసాల గురించి ఒక్క టపా లేదు. ఎలమంచిలిలో టెంటు కింద నేను తవిటినాయుడి జేబులోనే ఉన్నాను. ఎత్తుకున్న మనవడి మడమలు నాకు తగులుతున్నాయి.

"ఒక్క ఫొటో పెట్టండి బావగోరూ, లోకమంతా సూస్తన్నారు" అన్నాడు సింహాచలం.

"లోకాన్నుండమను. నాకు సేతులు కాళీ నేవు."

అంతలో జేబు వెచ్చగా తడిసింది. తాతలిద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఆ ఫోనులో నా కళ్లకి చీకట్లు కమ్మాయి. పిల్లాడికి ఏం పేరు పెట్టారో నాకిప్పటికీ తెలియదు.