వెలగని ఆయిల్ లైటు

ఆయిల్ లైటు వెలగడం మానేసిన రోజున దుర్గాశ్రీ సంతోషించింది. పొద్దున్నే అందరి క్యారేజీలూ సర్ది, అత్తగారికి వేన్నీళ్ళు తోడి, కారు అద్దాలు తుడిచి, కూతురు సారికని కాలేజీ దగ్గర దింపి తను స్కూలుకి చేరేదాకా ఆ ఎర్ర లైటు ఒక్కసారి కూడా మినుకుమనలేదు. అంతకుముందు బండి ఎక్కడ నెమ్మదించినా డాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మ వెనక అది వెలుగుతూ ఆరుతూ ఉండేది. భర్త సత్యప్రసాద్‌కి చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. "నువ్వు రోడ్డు చూసి నడుపు, లైట్లు చూసి కాదు" అనేవాడు. తణుకులో తన ఎరువుల కొట్టు ముందు నలుగురు కూర్చుంటే, "మా ఆవిడకి స్టీరింగ్ ఇచ్చిన దగ్గర్నుంచీ బండికంటే ముందు భయం పరిగెడుతోందండీ" అని నవ్వించేవాడు.

డ్రైవింగ్ నేర్చుకుంటానని ఆమె అడగలేదు. అత్తగారు పాపాయమ్మకి మోకాళ్ళు పట్టేసి ఆస్పత్రికి తిప్పాల్సి వచ్చినప్పుడు, కొట్టు వదిలి రావడం కుదరదని సత్యప్రసాదే నేర్పించాడు. అప్పట్నుంచీ ఆస్పత్రి, కాలేజీ, బజారు, బంధువుల పెళ్ళిళ్ళు అన్నీ ఆమె మీదికే వచ్చాయి. జీతానికి పెట్టుకున్న డ్రైవరయితే ఒంట్లో బాగోలేదని మానేస్తాడు. ఆమె జ్వరంలోనూ నడిపింది. ఇంటికొచ్చి మళ్ళీ వంటింట్లోకే వెళ్ళింది. అలాంటి రోజుల్లో లైటు ఆరిపోవడం కూడా ఆమెకి ఒక పండగే.

పెద్దాపురం మరిడమ్మ జాతరకి అందరూ వెళ్ళొచ్చిన మర్నాడు ఆ సంతోషం పోయింది. తాళం మొదటి మెట్టుకి తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందే, సారిక ఏదో మర్చిపోయానని లోపలికి పరిగెత్తింది. ఆమె రావడం కోసం చూస్తూ దుర్గాశ్రీ డాష్‌బోర్డు వైపు చూసింది. బ్యాటరీ లైటు వెలుగుతోంది. హ్యాండ్‌బ్రేకు లైటు వెలుగుతోంది. నూనెడబ్బా బొమ్మ మాత్రం చీకటిగా ఉంది.

ఆమె పదో తరగతికి ఫిజిక్స్ చెప్తుంది. ఆ లైటు సంగతి అంతకుముందే బండితో వచ్చిన పుస్తకంలో చదివి అర్థం చేసుకుంది. ఇంజను పక్కన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిల్‌కి ఒత్తిడి ఉండదు, స్విచ్ కలిసే ఉంటుంది, లైటు వెలుగుతుంది. స్టార్టు చేయగానే ఒత్తిడి పెరిగి స్విచ్‌ని విడదీస్తుంది, లైటు ఆరుతుంది. అంటే స్టార్టు చేయకముందు అది వెలిగి తీరాలి. వెలగకపోతే బండి బాగున్నట్టు కాదు. చెప్పాల్సిన లైటుకే ఏదో అయినట్టు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆయిల్ లైటు అసలు వెలగట్లేదేంటండి?"

"బాగుచేయించాను. వెలిగితే ఏడ్చావు, ఆరితే ఏడుస్తున్నావు."

"తాళం తిప్పగానే ఒకసారి వెలగాలి కదండీ."

"బళ్ళో పిల్లల్ని అనుమానించడం అలవాటై ఇంట్లో కూడా మొదలెట్టావు" అన్నాడు సత్యప్రసాద్, కంచంలోంచి తల ఎత్తకుండా.

పాపాయమ్మ అందుకుంది. "వాడు బాగుచేయించానన్నాక మళ్ళీ ఎదురు అడగడం ఏంటమ్మా? పెరుగు తే."

దుర్గాశ్రీ పెరుగు తెచ్చింది. కానీ ఆయన తల ఎత్తకపోవడం ఆమె మనసులో ఉండిపోయింది. ఆదివారం ఆయన కొట్టుకి వెళ్ళాక బానెట్ ఎత్తి, ఆ స్విచ్ మీది వైరు ఊడదీసి, తాళం తిప్పి ఉంచి, వైరు కొసని ఇంజను ఇనుముకి ఆనించింది. స్విచ్‌దే తప్పయితే ఇప్పుడు లైటు వెలగాలి. వెలగలేదు. పైనెక్కడో వైరయినా తెగి ఉండాలి, బల్బయినా పోయి ఉండాలి. ఎప్పుడూ వెళ్ళే షెడ్డుకి తనే వెళ్ళింది.

మెకానిక్ అచ్చిబాబు ఆమెని చూసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "సారుగారు చెప్పలేదాండీ?"

"నువ్వు చెప్పు."

"బేరింగులు అరిగిపోయాయండి, ఆయిల్ ప్రెషర్ నిలబడట్లేదు. ఇంజను విప్పాలన్నాను. ఎలాగూ అమ్మేస్తున్నాం కదా, ఆ బల్బు తీసెయ్యి, ఇంట్లో గోల తగ్గుతుందన్నారండి."

"ప్రెషర్ పూర్తిగా పోతే?"

"ఇంజను పట్టేస్తుందండి. బండి రోడ్డు మీద ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది."

"ఎప్పుడు తీశావు?"

"మరిడమ్మ జాతరకి ముందేనండి."

దారి పొడుగునా ఆ మాటే ఆమె చెవిలో తిరిగింది. పెద్దాపురం జాతరకి అత్తగారినీ సారికనీ ఎక్కించుకుని తనే నడిపింది. సిద్ధాంతం వంతెన మీద వెనక లారీలు హారన్లు కొడుతుంటే, పక్కన గోదారి ఎర్రగా పోతుంటే, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని వెళ్ళింది. సత్యప్రసాద్ మోటారు సైకిలు మీద వచ్చాడు. వానలో తడిసి వచ్చాడు, తడిసే తిరిగి వెళ్ళాడు. కార్లో చోటుంది రండి అంటే, "నాకు మధ్యలో పనుంది" అన్నాడు. ఏం పని? ఎక్కడ? అప్పుడు అడగలేదు. ఇప్పుడు అనిపించింది గానీ ఆ ఆలోచనని తనే తోసేసింది. సొంత తల్లినీ కూతుర్నీ కూడా ఎక్కించాడు కదా, ప్రమాదమని తెలిసి ఎక్కిస్తాడా? తెలియకే అయి ఉంటుంది. అలా అనుకోవడానికి ఆమె చాలా కష్టపడింది.

కారు చూడ్డానికి సంపూర్ణమ్మ గారు వచ్చారు. ఆవిడ దుర్గాశ్రీ స్కూల్లోనే కుట్టు టీచరుగా చేసి రిటైరై, నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళకి దారం పంచి సరుకు పోగుచేస్తున్నారు. బండి నడపడానికి తమ్ముడి కొడుకు ఏసురాజుని వెంటబెట్టుకొచ్చారు.

"దుర్గాశ్రీ నడిపిన బండని విన్నాను. అందుకే వేరేది చూడలేదు" అన్నారు కూర్చుంటూ.

"అవునండీ. ఆవిడ చేతిలోనే ఉంది, పువ్వులా చూసుకుంది. మగాళ్ళు నడిపిన బండయితే నేను గ్యారంటీ ఇవ్వలేను గానీ..." సత్యప్రసాద్ నవ్వాడు. "కాఫీ తీసుకురా."

ఇన్నాళ్ళూ నలుగుర్నీ నవ్వించిన తన డ్రైవింగు ఇవాళ సరుక్కి పూచీ అయింది. దుర్గాశ్రీ వంటింటి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ముందు బండి చూడండి సంపూర్ణమ్మ గారూ."

ఆవిడని పక్క సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పింది. "ఇది బ్యాటరీది. ఇది బ్రేకుది. ఇక్కడ ఆయిల్‌ది వెలగాలి. వెలగట్లేదు, చూశారా? బల్బు తీసేశారు. ఉండుంటే, స్టార్టు చేశాక కూడా మినుకుమంటూనే ఉండేది. ఇంజను ఎప్పుడైనా పట్టేయొచ్చట."

ఏసురాజు వంగి చూసి, "అవునత్తా" అన్నాడు మెల్లగా.

సత్యప్రసాద్ గబగబా మెట్లు దిగాడు. "బండికేం లేదండీ. ఆవిడకి మెషిన్ల సంగతి తెలీదు. ప్రతిదానికీ అనుమానమే."

"ఇందాక ఆవిడ చేతిలోనే ఉందన్నారు కదండీ" అన్నారు సంపూర్ణమ్మ గారు.

దుర్గాశ్రీ కారు దిగి తాళం ఆయన ముందుకి చాచింది. "నాది అనుమానమే అయితే, సారికని ఎక్కించుకుని సిద్ధాంతం వంతెన దాటి వెనక్కి రండి. వీళ్ళు కాఫీ తాగుతూ ఉంటారు."

ఆయన తాళం వంక చూశాడు. అరుగు మీద నిలబడ్డ సారిక వంక చూశాడు. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. "ఇప్పుడు నాకు పనుంది" అన్నాడు.

వానలో విన్న మాటే. అనుమానం ఉన్నంతకాలం దాని పక్కనే కాస్త ఆశ కూడా ఉండేది. ఇప్పుడు రెండూ లేవు. ఆయనకి తెలుసు. తెలిసే ఎక్కించాడు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక సత్యప్రసాద్ గొంతు లేచింది. "ఇంటి పరువు తీశావు."

"పరువు సంగతి ఏమోగానీ, బల్బు నేను తియ్యలేదు." ఆమె తాళం తీసుకెళ్ళి టీవీ మీద పెట్టింది. "ఇంజను బాగుచేయిస్తారో, పాత ఇనుముకి వేస్తారో మీ ఇష్టం. రేపట్నుంచి నేనూ సారికా బస్సులో వెళ్తాం. గురువారం అత్తయ్య గారిని ఆస్పత్రికి మీరే తీసుకెళ్ళాలి. ఎందులో తీసుకెళ్తారో అదీ మీరే చూసుకోండి."

సత్యప్రసాద్ తల్లి వైపు తిరిగాడు, ఎప్పట్లాగే ఆవిడ ఏదో ఒకటి అంటుందని.

పాపాయమ్మ మోకాళ్ళు రుద్దుకుంది. కొడుకు మొహం చూడకుండానే అంది.

"రిక్షా మాట్లాడరా."