యోబుకు దొరికిన ఉంగరం

మా నాన్న సాలొమోను సంఘపెద్ద. ఇంట్లో పాచికలు కనబడకూడదన్నాడు, అవి జూదమట. చీటీలైతే పర్వాలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన వాక్యం తీసుకునేది చీటీతోనే కదా. సిలువ దగ్గర సైనికులు యేసు అంగీ కోసం వేసినవి కూడా చీట్లేనని ఆయనకు గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

అందుకని సత్యనారాయణపేటలో మా మేడ మీద ఆట ఒక బిస్కెట్ల డబ్బాతో నడిచేది. అందులో ఒకటి నుంచి ఇరవై దాకా మడత చీటీలు. మా అక్క లోయిస్ కథ చెబుతుంది: గుహ, రాక్షసుడు, నిధి. మిగతా ముగ్గురికీ ఆ కథలో తలా ఒక పాత్ర. ప్రమాదం వచ్చినప్పుడల్లా చీటీ తీయాలి. పెద్ద అంకె వస్తే గెలుపు, చిన్నదైతే దెబ్బ, ఒకటి వస్తే చావు. చచ్చినవాళ్ళు ఆ కథ ముగిసేదాకా బల్ల దగ్గరికి రాకూడదు. కిందటి కథకు ఏడాది పైనే పట్టింది.

ఆల్విన్ మా చిన్నమ్మ కొడుకు. వారమంతా ఇనుప ఖనిజం యార్డులో కాటా దగ్గర లారీలు తూచి, ఆదివారం చర్చి అవగానే చెవుల్లో ఎర్ర దుమ్ముతో సహా మా మేడెక్కేవాడు. వాడికి ఇంకో స్నేహితుడు లేడు. వాడి పాత్ర యోబు, డాలు మోసే ముసలి సిపాయి. దాడికి బలం సున్నా, ఓర్పు నిండా. బుద్ధున్నవాడెవడూ తన పాత్రకు అలాంటి బలాల లెక్క, అదే బిల్డ్, ఎంచుకోడు. అయినా యోబు చావడు. ఎందుకంటే ఒకసారి తీసిన చీటీని డబ్బా ఖాళీ అయ్యేదాకా మేం తిరిగి వేసేవాళ్ళం కాదు, మళ్ళీ మళ్ళీ మడతపెట్టడం విసుగని. ఏ అంకెలు పోయాయో ఆల్విన్ మనసులో లెక్కపెట్టుకునేవాడు. చిన్నవి మిగిలితే డాలు చాటున కూర్చుంటాడు, పెద్దవి మిగిలితే దూకుతాడు.

నాగార్జున చేరాకే అది లోపంలా కనబడింది. కెంచనగుడ్డ దగ్గర కాలువ కింద వరి పండించిన కోస్తా కుటుంబం వాళ్ళది. ఖనిజానికి గిరాకీ పెరగడం చూసి వాళ్ళ నాన్న టిప్పర్లు కొన్నాడు, తర్వాత యార్డు పెట్టాడు. ఆల్విన్ పనిచేసే యార్డు అదే. ఆటలో నాగార్జున పాత్ర వజ్రవర్మ. వాడి కత్తి రాళ్ళను కూడా కోస్తుంది.

“ఏంటి లోయిస్ గారూ, నాకింత కత్తిచ్చి ఏం లాభం? ఆ ముసలాడేమో చావడు. మజా ఏముంది?”

“ఉండప్పా, బ్యాలెన్స్ చేస్తా” అంది అక్క.

“తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో ఏస్తే చాలు గదక్కా” అన్నాడు ఆల్విన్. “లెక్కపెట్టేకి ఏముండదు. కావాలంటే మడతలు నేనే పెడతా.”

“నువ్వా? మడత చూసి కూడా అంకె చెప్తావ్ నువ్వు” అన్నాడు నాగార్జున.

అందరం నవ్వాం.

అక్క ఇంజనీరింగ్ చదివింది. రూల్‌లో బగ్ ఉంటే మనిషిని సరిచేసే రకం. పై ఆదివారం కథలో యోబుకు ఒక మాయా ఉంగరం దొరికింది. పెట్టుకున్నవాడు తన చీటీని పక్కవాడి చీటీతో మార్చుకోవచ్చు. షరతొకటే: తనది పెద్దదై ఉండాలి.

రెండేళ్ళలో వాడికి దొరికిన మొదటి మాయవస్తువది. “నాకేనా అక్కా?” అన్నాడు, మొహమంతా వెలిగిపోతూ.

“నీకే. యోబుది త్యాగబుద్ధి గదా.”

ఆ ఉంగరం ఎందుకో నాకప్పుడే అర్థమైంది. మురుకు నములుతూ కూర్చున్నాను.

గంట గడవకముందే రాక్షసుడు సొరంగం కూల్చాడు. లోపల యోబు, వజ్రవర్మ. డబ్బాలో మిగిలినవి రెండు చీటీలు. ఏవో ఆల్విన్‌కు తెలుసు. ముందు వాడే తీశాడు. పద్దెనిమిది. గట్టిగా ఊపిరి వదిలాడు. నాగార్జున రెండోది విప్పాడు. ఒకటి.

“పోయినావు పోప్పా వజ్రవర్మా” అన్నాను.

నాగార్జున నవ్వలేదు. “ఉంగరం ఉందిగా.”

“అది నా ఇష్టం గదన్నా” అన్నాడు ఆల్విన్.

“నీ ఇష్టమేరా. బలవంతం ఏముంది? రేపు డ్యూటీ ఎప్పుడు నీకు?”

“పొద్దున.”

“కాటా దగ్గర వేరేవాణ్ణి పెడదామంటున్నాడు నాన్న. కప్పగల్లు నుంచి ఎవడో వచ్చి అడిగాడంట. మన ఆల్విన్ ఉన్నాడు కదా అన్నాను నేను.”

ఆల్విన్ అక్క వైపు తిరిగాడు. “అక్కా, ఇది ఆటలో మాట కాదు గదా?”

“బల్ల దగ్గర మాట్లాడేదంతా ఆటే. బిరీన చెప్పు.”

“షాలినీ, నువ్వన్నా చెప్పు.”

“నా చీటీ కాదు గదప్పా” అన్నాను.

ఆల్విన్ పద్దెనిమిదిని బల్ల మీద ముందుకు తోశాడు.

యోబు చావును అక్క చాలా బాగా చెప్పింది. మొదట డాలు వంగింది, తర్వాత మోకాళ్ళు విరిగాయి, చివరికి ముసలివాడి చేయొక్కటే రాళ్ళ బయట మిగిలింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ వాక్యాలు అప్పటికప్పుడు పుట్టినవి కావు.

“వేరే పాత్రతో వస్తానక్కా. గుర్రాలు కడిగేటోడైనా చాలు.”

“రూల్ రూలే. బ్యాలెన్స్ పోతాది.”

“మరి శవం చేతికున్న ఉంగరం నేను తీసుకోవచ్చా?” అన్నాడు నాగార్జున.

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. “తీసుకో. పెద్ద చీటీ ఉంటేనే అనే షరతు తీసేస్తా. లేకుంటే నీకేం పనికొస్తాది?”

ఆల్విన్ లేచాడు. కానీ మెట్ల వైపు కదల్లేదు. “అన్నా, మీ నాయనకు చెప్తావు గదా, కాటా సంగతి?”

“ఏ కాటా? ఓ, అదా. సుమ్నే, ఊరికే అన్నానబ్బా. కప్పగల్లు నుంచి ఎవడూ రాలేదు.”

అక్క పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆల్విన్ కూడా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు. తర్వాత చెయ్యి చాపాడు.

“అట్లయితే నా పద్దెనిమిది నాకిచ్చెయ్యన్నా.”

నాగార్జున ఆ చీటీని డబ్బాలో వేసి మూత పెట్టాడు.