చూశానన్న నోరు

పొద్దున్నే వచ్చి కల్వం కడిగి బోర్లించడం ఎవురామా మొదటి పని. మా ఆసుపత్రిలో పసిపిల్లల మోతాదుకి మందులు దొరకవు. పెద్దల మాత్రలే నూరి, తూచి, పాకంలో కలిపి సీసాలకెత్తాలి. ఒకరు తూస్తే ఇంకొకరు త్రాసు ముల్లు కళ్ళారా చూసి, పైకి "చూశాను" అనాలి. ఆ మాట వినకుండా సీసాకి మూత పెట్టకూడదు. ఏళ్ళ తరబడి ఆ మాట అంటున్నది అడ్వోబా. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు.

తూచినవాళ్ళకీ, చూశానన్నవాళ్ళకీ ఆ మందు రుచి నోటికొచ్చేది. ఊళ్ళో ఏ మూల ఏ పిల్లాడు చెంచాడు తాగినా వీళ్ళిద్దరి నాలుకలూ చేదెక్కేవి. ఆ గది పనిలో అది మామూలే. అన్నం దగ్గర ఎవురామా మొహం చిట్లిస్తే, వంట బాగాలేదా, దగ్గుమందా అని మొగుడు వెక్కిరించేవాడు.

ఆ రోజు అడ్వోబా తన మేనమామ చావుకి మా ఆచారంగా కట్టుకోవాల్సిన ఎర్ర గుడ్డల ముక్కలు ఒళ్ళో పరుచుకుని, ఏది నప్పుతుందే అని అడుగుతోంది. ఎవురామా వాటినే చూస్తూ, ముల్లు సున్నాకి రాకముందే గుండె మాత్రల పొడి పోసేసింది. బరువు పైకి చదివింది. అడ్వోబా గుడ్డల మీంచి తలెత్తకుండానే "చూశాను" అంది.

సాయంత్రం చేపల బేరం మధ్యలో ఎవురామా నోట్లో నిప్పు పోసినట్టయింది. బుట్ట అక్కడే వదిలేసి ఆ సీసా వెళ్ళిన పిల్లాడి ఇంటికి పరిగెత్తింది. వాణ్ణి ఎత్తుకొచ్చి వార్డులో పడేసింది. బతికాడు, దేవుడి దయ.

మర్నాడు పెద్ద ఫార్మసిస్టు ఎసిల్ఫీ గారు ఇద్దర్నీ పిలిచారు. ఎవురామా తన తప్పు దాచలేదు, ముల్లు చూసుకోలేదని చెప్పింది. మందలించి, కొన్నాళ్ళు కల్వానికి దూరం పెడతారనుకుంది. కానీ చూసేవాళ్ళు లేకుండా మందు కలిపితే ఉద్యోగమే పోతుంది. అడ్వోబాకి గది పెత్తనం ఇస్తారని అప్పటికే అనుకుంటున్నారు.

"నేను గదిలో లేను సార్. చూశానని అనలేదు," అంది అడ్వోబా.

ఎసిల్ఫీ గారు సీసాలో మిగిలిన మందులోంచి చుక్క తీసి తన నాలుక మీద వేసుకున్నారు. అనుమానమొస్తే అక్కడ చేసే పని అదే, ఎవరి నోటికి చేదొస్తే ఆ మందు వాళ్ళది. ఎవురామా కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి, అంత చేదు ఆమె ఎన్నడూ ఎరగదు. అడ్వోబా మొహం ఏ మాత్రం మారలేదు. నటన కాదు, నిజంగానే ఆమె నోటికేమీ తెలియలేదు.

ఇంకేముంది, ఎవురామా తాళంచెవి ఇచ్చి ఇంటికెళ్ళింది. ఉద్యోగం పోయినందుకంటే ఆ మారని మొహమే ఆమెని ఎక్కువ బాధించింది. పైగా వీధిలో అడ్వోబా ఎదురైతే చిరునవ్వు నవ్వేది. ఎంత గుండె ధైర్యం చూడండి!

ఎవురామా ఇంటి ముందు పులిసిన మొక్కజొన్న పిండితో కెంకే ముద్దలు ఉడకేసి అమ్ముకునేది. చిత్రమేమిటంటే, మందుల రుచులు రావడం మానలేదు. తను ముట్టని సీసాలన్నీ ఆమె నాలుక మీదికే వచ్చేవి. అక్కడ గది పెత్తనం దక్కిన అడ్వోబా, ఎసిల్ఫీ గారికి తెలియకుండా, తూచేదీ తనే, చూశాననేదీ తనే. రెండో మనిషి దేనికి దండగ అనేది.

ఒక మధ్యాహ్నం మొక్కజొన్న పిండి ముద్ద చేస్తుండగా మళ్ళీ ఆ నిప్పే. పిండి చేతులతోనే ఎవురామా ఆసుపత్రికి పరుగుతీసింది. వార్డులో నర్సు ఒక పాపకి రెండో చెంచా పట్టబోతోంది.

"ఆపండి! అది పొయ్యకండి!"

ఎసిల్ఫీ గారొచ్చారు. ఆమెని చూశారు, సీసాని చూశారు, అడ్వోబాని పిలిపించారు. చుక్క నాలుక మీద వేసుకున్నారు. ఎవురామా గోడ పట్టుకుని వంగిపోయింది.

"ఏం రుచి వస్తోంది, అడ్వోబా?"

"తియ్యగా ఉంది సార్. పాకమే కదా."

వార్డంతా ఆమె వైపు తిరిగింది. ఎసిల్ఫీ గారి నాలుక మీద చేదు ఇంకా మండుతోంది. తర్వాత అడ్వోబా నడుముకున్న తాళంచెవి అడిగి తీసుకుని, ఎవురామా పిండి చేతిలో పెట్టారు. తనూ మోసపోయానని మాత్రం అన్నారు.

గది గుమ్మంలో అడ్వోబా దారికి అడ్డంగా నిలబడింది. ఆ రోజు చూశాననలేదని బొంకిన దగ్గర్నుంచీ తన నోట్లో ఏ రుచీ లేదట. ఉప్పూ లేదు, కారమూ లేదు, వాళ్ళమ్మ చేసిన చేపల పులుసూ లేదు.

"చూశానని ఇప్పుడంటాను, ఎవూ. అందరి ముందూ అంటాను. నాది నాకు తిరిగొస్తుందా?"

ఎవురామా ఆమె కళ్ళలోకి చూసింది. ఎంతో ఇష్టమైన మొహం. ఇంకా ఇష్టమే, అదే మంట.

"రానీ, రాకపోనీ. నీ చేదు కూడా మోయడం నాకు అలవాటైంది," అంది. "తప్పుకో, పాపకి మందు కలపాలి. చూసే మనిషిని వెతుక్కోవాలి."