శుభ్రంగా విడిచిన నేల

ఉదయం పది గంటల నలభై నిమిషాలు. వాన వెలిసి పావుగంటయింది, గాలి లేదు. భూవిచారణ కార్యాలయం వసారాలో కోడలు గొడుగు దులిపి, అత్తను బల్ల మీద కూర్చోబెట్టింది. ఇది తొమ్మిదో విచారణ, చివరిది కూడా. ఆ కొండవాలును తమవాళ్ళు తరతరాలుగా సాగు చేశారని ఇవాళ రుజువు కాకపోతే అది రాతి క్వారీకి పోతుంది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కోడలికి కళ్ళు మండుతున్నాయి.

"ఇంకా ఎన్నిసార్లు తిప్పుతారే వీళ్ళు? నాకంటే ముందు నా చెప్పులు పోయేటట్టున్నాయి."

"చెప్పులు నేను కొనిపెడతాలే. లోపల అడిగిందానికే జవాబు చెప్పు అత్తా. పోయినసారి ఆ అధికారికి పెళ్ళి సంబంధం చూస్తానన్నావు."

"ఒంటరివాడనిపించాడు మరి."

అధికారి చెడ్డవాడు కాదు, విసిగినవాడు. వాళ్ళను లోపలికి పిలిచి, సర్వే నాడు విమానం నుంచి తీసిన ఆ కొండవాలు ఫొటోను తన మేజా మీద పరిచాడు.

"ముప్ఫై ఏళ్ళ కిందటిది. గుడిసె లేదు, గట్టు లేదు, పొయ్యి పెట్టిన గుర్తయినా లేదు. మనుషులున్నారని ఎలా రాయను పెద్దమ్మా?"

"ఆ ఏడే ఆ వాలు విడిచి అవతలి వాలుకి పోయాం బాబూ. విడిచేటప్పుడు గుంజలు పీకాలి, గుంటలు పూడ్చాలి, బూడిద కూడా ఎత్తెయ్యాలి. మన ఆనవాలుంటే నేల నిద్రపోదు. సర్వేవాళ్ళు వస్తున్నారని తెలిసి ఇంకో రెండు రోజులు ఊడ్చాం, మెచ్చుకుంటారని."

కోడలు తల దించుకుంది. ఊడ్చినందువల్ల ఆనవాలు పోయింది. ఆనవాలు లేనందువల్ల కాగితంలో 'నిర్జనం' అని పడింది. ఆ ఒక్క మాటను చెరపడానికి ఒక తరం గడిచిపోయింది. దించిన చూపు ఫొటో మీద నిలిచింది.

"సార్, ఇక్కడ చెట్లు ఇలా మెట్లుమెట్లుగా ఎందుకున్నాయి? ఈ ముక్క బోసి, పక్కది లేత, ఆ పైది ముదురు. మధ్యలో గీత గీసినట్టుంది. అడవి తనంతట తాను ఇలా పెరగదు కదా."

అత్త వేలు పెట్టి చూపింది. "ఐదు చెక్కల నేల. ఒక్కో చెక్క మూడేళ్ళు పండించి పక్కదానికి జరుగుతాం. ఇదిగో, ఇందులో ఉన్నప్పుడే నీ మొగుడు పుట్టాడు."

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ మాట పోయిన ఎనిమిదిసార్లలో ఒక్కసారైనా చెప్పలేదేంటమ్మా?"

"మీరు పొయ్యి గురించే అడిగారు బాబూ."

ఆయన కొత్త కాగితం తీసుకుని, చెక్కకు మూడేళ్ళ చొప్పున, మొదటినుంచి రాయడం మొదలుపెట్టాడు.

తీర్పు నాలుగేళ్ళకు వచ్చింది. ఐదు చెక్కల్లో మూడు వాళ్ళవని తేలింది. మిగిలిన రెండింటిని తీర్పు వచ్చేలోగానే క్వారీ తవ్వేసింది. అత్త అంతకు ముందు ఏడాదే పోయింది.