మూడో గడి

మా వీధి గురించి ఎవరైనా అభిప్రాయం అడిగితే చాలు, కుట్టు మెషిన్ ఆపి మరీ చెబుతాను. అడగకపోయినా చెబుతాను. మలుపు దగ్గర మురుగుకాలువ మీది పలక విరిగి రెండేళ్ళయింది. మందుల షాపు ముందు దీపం పగలంతా వెలిగి చీకటి పడగానే ఆరిపోతుంది. బస్సు వచ్చే వేళకి సరిగ్గా బస్టాపు ముందే ఎవరో ఒకరు కారు పెట్టుకుంటారు. ఇవేవీ ఎవరికీ తెలియనివి కావు. ఆ విరిగిన పలక దగ్గరికి రాగానే ప్రతివాళ్ళూ ఒక అడుగు పక్కకి వేసి, ఒక తిట్టు తిట్టి, ఇంటికి పోతారు. కాగితం మీద పెట్టేది మాత్రం నేనొక్కదాన్నే. అడగందే అమ్మైనా పెట్టదు, మునిసిపల్ ఆఫీసు పెడుతుందా?

పదిహేడేళ్ళుగా ఈ వీధిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. అర్జీలు రాయడం కూడా అప్పటినుంచే. అందరూ నన్ను ఎదురుగా టైలరక్క అంటారు, వెనకాల అర్జీలక్క అంటారు. వెనకాల అనేది కూడా నాకు వినబడుతుంది, నా చెవులకేం లోటు లేదు. మా ఆయన బస్సు డ్రైవరు. "నువ్వు రాసిన కాగితాలన్నీ కలిపి కుడితే ఆ ఆఫీసు కిటికీలన్నిటికీ కర్టెన్లొస్తాయే" అని వెక్కిరిస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఇన్నేళ్ళలో ఒక్క అర్జీకైనా పని జరిగిందా అంటే లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అలాంటిది ఈ ఏడాది ఆఫీసువాళ్ళే ఇంటింటికీ ఒక ఫారం పంచారు. 'మీ వీధిలో మీకున్న ఇబ్బందులు తెలపండి' అని పైన రాసి, కింద మూడు గడులు గీశారు. అన్నిటికంటే కింద చిన్న అక్షరాలతో, ఏ గడి ఖాళీగా వదిలినా ఫారం తీసుకోబోమని ఉంది. మొదటి గడిలో కాలువ పలక రాశాను. రెండో గడిలో దీపం రాశాను. బస్టాపు ముందు కార్ల సంగతి తమది కాదని, ట్రాఫిక్ వాళ్ళకి రాసుకోమని ఇదివరకే రెండుసార్లు తిప్పి పంపారు. కాబట్టి మూడో గడి ఖాళీగా మిగిలింది.

సరిగ్గా ఆ రోజే పోస్టు మామయ్య మీద నాకు కోపం వచ్చింది.

ఆయన మా వీధికి ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. రిటైరయ్యాక జబ్బు చేసి ఎడమకాలు సగం చచ్చుబడింది. రోజూ పది గంటలకి చేతికర్ర పట్టుకుని వచ్చి, మా షాపు ఎదురుగా ఫుట్‌పాత్ మీదున్న ఇనుప బెంచీ మీద కూర్చునేవాడు. ఆయన కూర్చుంటే కబుర్లకి ఇంకో ముగ్గురు చేరేవారు. నా షాపులో వేలాడదీసిన ప్రతి బట్టా ఆయన తనిఖీ కిందికి వచ్చేది. ఆ రోజు ఒక టీచరమ్మ తన కోసం కుట్టించుకున్న గౌను వేసుకుని, వెలుగులో చూసుకుందామని గుమ్మం బయటికి వచ్చింది. బెంచీ మీదినుంచి మామయ్య గొంతు వినిపించింది.

"ఎడమవైపు అంచు ఒక వేలు పైకుంది చూడమ్మా."

టీచరమ్మ వంగి చూసుకుంది. లోపలికి వచ్చి గౌను మార్చుకుని నా చేతిలో పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా ఒక వేలే. ఆయన మాట అబద్ధమై ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. నిజం కాబట్టే కోపం వచ్చింది. ఆ విసురులో ఫారం ముందుకు లాక్కుని మూడో గడి నింపాను: 'టైలరింగ్ షాపు ఎదుటి బెంచీ వల్ల చాలా ఇబ్బందిగా ఉంది. పని లేనివాళ్ళు చేరి వచ్చేపోయేవారి మీద వ్యాఖ్యలు చేస్తున్నారు. తొలగించగలరు.' ఆఫీసు నా మాట ఏనాడు విన్నది కనక, ఇప్పుడు వినడానికి? కడుపు మంట తీరింది, గడీ నిండింది.

ఫారం ఇచ్చిన నాలుగో రోజు దారపు కండెలు కొనడానికి బజారుకి వెళ్ళి వచ్చేసరికి బెంచీ లేదు. నేలలో నాలుగు బోల్టులు మాత్రం మిగిలాయి.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు సంతోషమే కలిగింది. పదిహేడేళ్ళ తర్వాత నా రాతకి విలువ వచ్చిందనుకున్నాను. మా ఆయన డ్యూటీ దిగి రాగానే చెప్పాను.

"కాలువ పలక వేశారా?" అన్నాడు.

"లేదు."

"దీపం?"

"అదీ లేదు."

"అంటే ఉన్నదాన్ని పీక్కుపోయారు, లేనిదాన్ని లేనట్టే ఉంచారు. బాగుంది నీ విజయం!" అని చెప్పులు విప్పుకుంటూ లోపలికి పోయాడు.

ఆ తర్వాత పది రోజులు షాపు ముందు మనిషి మాట లేదు. కబుర్లకి చేరే ముగ్గురూ ఎటు పోయారో తెలియదు. మామయ్య అసలు కనిపించలేదు. మొదటి రెండు రోజులూ హాయిగానే ఉంది. మూడో రోజు ఒక చొక్కా కాలరు వేసి పూర్తయ్యాక, తెలియకుండానే దాన్ని గుమ్మం వైపు ఎత్తి పట్టుకున్నాను. అటువైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

పదకొండో రోజు మామయ్య భార్య వచ్చింది. అత్తయ్య మెత్తని మనిషి, గట్టిగా ఒక మాట అని ఎరగదు. చేతిలో మూడు ప్యాంట్లున్నాయి.

"ఇవి నడుం దగ్గర కత్తిరించి ఎలాస్టిక్ వేసి పెట్టమ్మా. బొత్తాలు, బెల్టు పెట్టుకోవడం ఆయనకి కష్టంగా ఉంది. ఇంకెలాగూ బయటికి వెళ్ళేది లేదుగా."

"బయటికి వెళ్ళకపోవడమేంటి అత్తయ్యా?"

"రోజూ ఆ చివర ఆసుపత్రికి వెళ్ళి కాలికి వ్యాయామం చేయించుకునేవారు కదా. మా గుమ్మం నుంచి ఆ బెంచీ దాకా నూట ఎనభై అడుగులు, బెంచీ నుంచి ఆసుపత్రికి నూట డెబ్బై. మధ్యలో కాసేపు కూలబడితేనే కాలు కదిలేది. బెంచీ తీసేశారు. ఒకసారి వెళ్ళబోయి నడిదారిలో పడబోయారు. అప్పట్నుంచి మానేశారు. మానేస్తే ఆ కాలు ఇంక రాదంటున్నారు డాక్టరు." ఆవిడ ప్యాంటు మడత సరిచేసింది. "ఎవరో రాశారట తీసెయ్యమని. వాళ్ళకేం కష్టమొచ్చిందో. నువ్వు బాగా రాస్తావు కదమ్మా, మళ్ళీ వేయించమని ఒక అర్జీ రాసి పెట్టవూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. రోజూ ఎదురుగా కూర్చునే మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో, ఎందుకు కూర్చుంటున్నాడో పదిహేడేళ్ళ అర్జీలక్కకి తెలియలేదు. విరిగిన పలక మీద ఉన్న శ్రద్ధ పక్కన నడిచే మనిషి మీద లేకపోయింది. రాస్తానన్నాను. ప్యాంట్లు మాత్రం బల్ల సొరుగులో పెట్టాను. కత్తెర ముట్టలేదు.

మర్నాడు షాపు మూసి ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర కళ్ళజోడాయన నా కాగితం చదివి ముఖంలోకి చూశాడు.

"తియ్యమన్నదీ మీరే, పెట్టమంటున్నదీ మీరేనా?"

"అవునండీ. అప్పుడు బుద్ధి గడ్డి తింది."

ఆయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. కుర్చీ చూపించాడు. "తియ్యడానికి ఒక సంతకం చాలమ్మా. పెట్టడానికి మీ వీధిలో నలభై ఇళ్ళ సంతకాలు కావాలి. ఫిర్యాదు చేసినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ కాగితం మీదే పైన రాయాలి. దాని కిందే సంతకాలుండాలి. వేరువేరు కాగితాలు ఒప్పుకోరు."

అంటే నలభై గుమ్మాల దగ్గర నా తప్పు నేనే చదివి వినిపించాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఇదే జరుగుతుంది. దారి పొడుగునా ఆ కాగితం చించి పారేద్దామా అని మూడుసార్లు అనుకున్నాను. ఈ వీధిలో నాకున్నది ఆ కాస్త పేరే. నాలుగోసారి అనుకునే లోపల ఇల్లొచ్చింది. కాగితం తీసి పైన రాశాను: 'ఈ బెంచీ తొలగించమని రాసింది నేనే. కోపంలో రాశాను, తప్పు నాది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి బెంచీ మళ్ళీ వేయించండి.'

మందుల షాపాయన చదివి, "నువ్వా అక్కా! మేమంతా పక్కవీధివాళ్ళని తిట్టుకుంటున్నాం" అన్నాడు. సంతకం మాత్రం పెట్టాడు. మేడమీది పెద్దావిడ చదవలేదు, నన్నే చదవమంది. చదివాక ఇంకోసారి చదవమంది. "ఊరందరి తప్పులూ రాసే చెయ్యి ఒకసారి తన తప్పు రాసుకుంటే అరిగిపోదులే" అని వేలిముద్ర వేసింది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ గౌను సంగతేనా?" అని అడిగింది. తలూపాను. ఇద్దరు తలుపు తీయలేదు. ఒకాయన, ముందు కాలువ పలక సంగతి తేల్చమని నా మీదే విరుచుకుపడ్డాడు. రెండు రోజులు తిరిగితే ముప్పై తొమ్మిది సంతకాలయ్యాయి. నలభయ్యో ఇంటికి కావాలనే చివర వెళ్ళాను.

మామయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఎడమకాలు పీట మీద చాపి ఉంది. అత్తయ్య మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కాగితం ఆయన చేతికిచ్చి తల దించుకున్నాను. ఆయన మొదటి వరుస చూసి కలం అడిగాడు.

"పూర్తిగా చదవండి మామయ్యా."

"చదవక్కర్లేదమ్మా. బెంచీ విప్పడానికి వచ్చినప్పుడు దాని మీద కూర్చున్నది నేనే. లెమ్మని నాకు కాగితం చూపించారు. నీ చేతిరాత నాకు తెలియదా? నీ అర్జీలు సగం నా సంచిలోనే వెళ్ళాయి."

దించుకున్న తల ఎత్తాను. "మరి అత్తయ్యకి చెప్పలేదేం? వీధిలో ఒక్కరికీ చెప్పలేదేం?"

"ఉత్తరంలో ఏముందో పోస్టుమాన్ బయట చెప్పకూడదు." సంతకం పెట్టి కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు. "అయినా నాదీ తప్పుందిలే. ఆ అంచు సంగతి టీచరమ్మ వెళ్ళాక చెప్పాల్సింది."

అక్కడే కూర్చుని ఏడ్చాను. అత్తయ్య నీళ్ళ గ్లాసుతో వచ్చి, ఏం జరిగిందో తెలియక నా వీపు నిమిరింది. కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, మడిచి, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత, "ప్యాంట్లు కత్తిరించావా?" అంది.

"లేదత్తయ్యా. సొరుగులోనే ఉన్నాయి."

"అయితే తెచ్చెయ్యి. రేపు వేసుకుంటారు."

కాగితం ఆఫీసులో ఇచ్చాను. నెల పడుతుందన్నారు. నెలంటే వాళ్ళ లెక్కలో ఎంతో నాకు తెలుసు. అందుకే షాపులోని చేతుల కుర్చీని ఆ నాలుగు బోల్టుల మధ్య వేశాను. దాని మీద దిండు కట్టాను. పదికి మామయ్య అత్తయ్య భుజం పట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు. ఊపిరి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడూ కూర్చున్నాడు. నావైపు చూసి నవ్వాడు, ఏమీ అనలేదు.

రెండో రోజూ ఏమీ అనలేదు. మూడో రోజు కావాలనే ఒక జాకెట్‌కి బొత్తాం వంకరగా కుట్టి ఆయన ఎదురుగా తగిలించాను. చూశాడు, చూపు తిప్పుకున్నాడు. నా ముందు అంత ఆచితూచి ఉంటున్నాడు. కుర్చీ తిరిగి ఇచ్చాను గానీ, అందులో కూర్చున్న మనిషికి మునుపటి నోరు ఇవ్వలేకపోయాను.

ఆరో రోజు పిల్లల చొక్కా ఒకటి పూర్తిచేసి, తొందరలో ఇస్త్రీ కూడా చేయకుండా తగిలించాను. మెషిన్ తొక్కుతున్నాను. బయట చేతికర్ర నేలకి రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.

"టైలరమ్మా, ఆ కుడి చెయ్యి కాస్త పొట్టిగా ఉన్నట్టుందే?"

మెషిన్ ఆపాను. కళ్ళు తుడుచుకుని టేపు తీసుకుని బయటికి వెళ్ళి, ఆయన ఎదురుగానే కొలిచాను. అర అంగుళం తక్కువుంది.

"అవును మామయ్యా" అన్నాను. అక్కడే, ఆయన కుర్చీ పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చుని, ఆ కుట్టు విప్పడం మొదలుపెట్టాను.